తీగ మనది, కరెంటు ఎక్కడిది?

(సిరిసిల్లలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక నిలబడ్డ ఇంటర్ పిల్లలకు కూడా. పిల్లలూ, ముందు చాప మీద జాగా ఉంది, వచ్చి కూర్చోండి. నన్ను పిలిచినప్పుడు ఒక్క మాట అడిగాను, వచ్చేవాళ్ళు కిందటి నెల కరెంటు బిల్లు వెంట తెచ్చుకోవాలని. చాలామంది చేతుల్లో కాగితాలు కనబడుతున్నాయి. మడిచి జేబులో పెట్టకండి, కాసేపట్లో పని పడుతుంది.

మా వాడకు కరెంటు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. మా నాయిన చేనేత మగ్గం నేసేవాడు. పొద్దుగూకితే అవ్వ కందిలి గాజు బూడిదతో తుడిచి, గాసునూనె పోసి, మగ్గం గుంట మీద వేలాడగట్టేది. ఆ వెలుతురులో పోగు తెగితే కనబడేది కాదు, నాయిన వేళ్ళతో తడిమి అతికేవాడు. స్తంభం మా ఇంటి ముందుకు వచ్చే ముందు నాయిన షేరు సొమ్ము కట్టి ఒక రసీదు తెచ్చాడు. ఆ రసీదు అవ్వ సందూకలో చీరల కింద ఏళ్ళ తరబడి ఉంది. బిల్లు కట్టిన రసీదు ఎవరింట్లోనైనా ఉంటుంది. కరెంటు ఇచ్చే సంస్థలో నాకూ వాటా ఉందని చెప్పే రసీదు దేశంలో చాలా కొద్ది ఊళ్ళలోనే ఉంటుందని నాకు ఉద్యోగంలో చేరి నాలుగు ఊళ్ళు తిరిగాకగానీ తెలియలేదు.

మన సెస్, సహకార విద్యుత్ సరఫరా సంఘం, 1970లో పని మొదలుపెట్టింది. దీని పుట్టుక కథ అమెరికాలో మొదలవుతుంది. 1930ల మధ్యలో అక్కడ పల్లెల్లో పది వ్యవసాయ క్షేత్రాలకు ఒక్కదానికే కరెంటు ఉండేది. పట్నాల్లో కరెంటు అమ్మే ప్రైవేటు కంపెనీలు, మైలుకు రెండు మూడు ఇళ్ళుండే చోటికి తీగ లాగితే గిట్టుబాటు కాదని పల్లెలవైపు చూడలేదు. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ కోసం ప్రత్యేక సంస్థ పెట్టాడు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది, రైతులు సంఘం పెట్టుకుని తామే స్తంభాలు పాతించుకుంటారు. ఇదీ ఏర్పాటు. కంపెనీలు రాని పల్లెలకు రైతుల సంఘాలు వెలుగు తెచ్చుకున్నాయి. ఇవాళ కూడా అక్కడ దాదాపు 900 సంఘాలు నడుస్తున్నాయి, దేశ విస్తీర్ణంలో సగానికి పైగా వాటి తీగల కిందే ఉంది.

మన దేశంలో 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ వచ్చింది. అమెరికా సంఘాల సమాఖ్య నిపుణుల సలహాతో ఆ పద్ధతిని ఇక్కడ ఐదు చోట్ల పరీక్షించి చూడాలనుకున్నారు. కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ములా ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. తర్వాత కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి లాంటి చోట్ల కూడా సంఘాలు పెట్టారు. తెలంగాణలో ఇవాళ మిగిలింది మనదొక్కటే. ములా ప్రవర సంఘం 2011లో సరఫరా బాధ్యతనే పోగొట్టుకుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మనం రోజూ తిట్టుకునే, లైన్‌మన్ రాలేదని, ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని మాట అనే ఈ సంఘం ఎప్పటికీ ఉండేదని ఎక్కడా రాసిలేదు.

సరే, బిల్లులు తీయండి. పైన యూనిట్ల అంకె చూడండి. మన ఇళ్ళ రేట్లు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ, నిర్ణయిస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం నెలకు 100 యూనిట్ల లోపు కాలిస్తే మొదటి 50కి యూనిట్ 1 రూపాయి 95 పైసలు, తర్వాతి 50కి 3 రూపాయల 10 పైసలు. మొత్తం 252 రూపాయల 50 పైసలు. 101 యూనిట్లు కాలిందనుకోండి. కొత్త స్లాబులో మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది. 100 యూనిట్లకు 3 రూపాయల 40 పైసల చొప్పున, ఆ ఒక్క యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలు. మొత్తం 344 రూపాయల 80 పైసలు. ఒక్క యూనిట్‌కు 92 రూపాయలు పెరిగింది.

200 దగ్గర దెబ్బ ఇంకా గట్టిది. 200 యూనిట్లకు 820 రూపాయలు. 201కి? ముందు వరుసలో అమ్మాయి లెక్క వేస్తున్నట్టుంది. చెప్పమ్మా... అవును, 1,027 రూపాయల 70 పైసలు. స్థిర ఛార్జీలు, సుంకం అవన్నీ వేరే. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్ళకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం కదా. వాళ్ళకు 200 దగ్గర బిల్లు సున్నా, 201 దగ్గర మొత్తం బిల్లు. నెల చివర ఫ్రిజ్ డోరు తెరిచి మరిచిపోయినందుకు ఒక బీడీ కార్మికురాలి ఇంట్లో వెయ్యి రూపాయల లోటు పడుతుంది. స్లాబులు పెట్టడం తప్పని నేను అనను. తక్కువ వాడే పేద ఇంటికి తక్కువ రేటు ఉండి తీరాలి. కానీ గడప దాటగానే గోతిలో పడేలా కాకుండా మెట్లుగా కట్టవచ్చు. ఈ మాట ఈఆర్‌సీ బహిరంగ విచారణలో ఎవరైనా చెప్పవచ్చు. లాయరు అక్కర్లేదు, తెలుగులోనే చెప్పవచ్చు. ప్రతి ఏటా రేట్ల ప్రతిపాదనల మీద అభ్యంతరాలు అడుగుతారు. మన జిల్లా నుంచి వెళ్ళేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరేమోనని నా బాధ.

ఇంట్లో చేతనైనది ఒకటి చెబుతాను. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూఇటూ, అంతే గాలికి నెలకు 11 యూనిట్లు. రెండు ఫ్యాన్లు మార్చిన ఇల్లు 30 యూనిట్లకు పైగా కిందికి దిగుతుంది. 220 కాలే ఇంటికి ఆ 30 యూనిట్ల విలువ ఎంతో ఇప్పుడు మీకే తెలుసు.

ఇళ్ళ సంగతి ఇంతే. మన జిల్లా కరెంటు కథ ఇళ్ళలో తేలదు, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బాయిల కాడ తేలుతుంది.

సాంచా సంగతి. ఒక సాంచాకు ఒక హెచ్‌పీ మోటారు అనుకుందాం. పూర్తి బరువు మీద నడిస్తే గంటకు ముప్పావు యూనిట్. 8 సాంచాలున్న ఆసామికి 12 గంటల షిఫ్టులో 72 యూనిట్ల దాకా కాలుతుంది. రాత్రి షిఫ్టు కూడా నడిస్తే అంతకు రెండింతలు. మీటరు గుడ్డ ధర పైసల్లో తేలే పనిలో కరెంటు యూనిట్‌కు ఒక రూపాయి తేడా వస్తే షెడ్డు నడవాలా మూసుకోవాలా అన్నది తేలిపోతుంది. అందుకే చిన్న సాంచాలకు సగం రాయితీ ఇస్తున్నారు. అది లేకపోతే ఈ ఊరి మనుషులు భీవండి, సూరత్ బండ్లెక్కుతారు, ఎక్కినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. రాయితీ అంటే ఆసామి కట్టని సగాన్ని ప్రభుత్వం సంఘానికి కట్టాలి. ఆ సొమ్ము ఆలస్యమైతే సంఘం టోకున కరెంటు ఇచ్చిన వరంగల్ డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు, బాకీ పడుతుంది. బాకీ పేరుకుంటే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఆగుతుంది, మందం తీగ ఆగుతుంది. చివరికి ఏ ఆసామికోసం రాయితీ ఇచ్చారో ఆయన షెడ్డులోనే లో వోల్టేజీతో మోటారు కాలుతుంది. సాయం ఇస్తున్నామని చెప్పడం వేరు, నెల నెలా చెక్కు రావడం వేరు.

బాయి సంగతి. 2004 నుంచి వ్యవసాయానికి ఉచితం, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలు. మెట్టప్రాంతం మనది, బోరు లేకపోతే పంట లేదు. 5 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు 4 యూనిట్లు లాగుతుంది. రోజుకు 6 గంటల చొప్పున యాసంగి వరికి 100 రోజులు నడిస్తే 2,400 యూనిట్లు. నీళ్ళు 60 మీటర్ల లోతు నుంచి ఎత్తాలనుకోండి. వెయ్యి లీటర్లు పైకి తేవడానికి భౌతికశాస్త్రం అడిగేది 0.16 యూనిట్ మాత్రమే. మన పంపులు, పైపులు, కాలిచుట్టిన మోటార్లతో అదే పని అయ్యేసరికి అర యూనిట్ దాకా పోతుంది. అంటే ఖర్చయిన కరెంటులో మూడొంతుల్లో రెండొంతులు వేడిగానే పోతున్నాయి. మంచి పంపుసెట్టు పెడితే రైతుకు బిల్లులో లాభం కనబడదు, ఎందుకంటే బిల్లే లేదు. లాభం కనబడని చోట ఎవరు డబ్బు పెడతారు? ఇందులో రైతు తప్పు లేదు. 24 గంటల కరెంటు వచ్చిన మొదట్లో, కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపే ఆటోమేటిక్ స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. కరెంటు పోతుందేమోనన్న భయం పోతే తప్ప రైతు చేయి స్టార్టరు మీంచి రాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలిచిన చోటికి వస్తాను. ఇన్ని యూనిట్లు అన్నాం కదా, ఇవి ఎక్కడినుంచి వస్తున్నాయి?

తీగలో వచ్చే కరెంటుకు ఊరి పేరు ఉండదు. శ్రీశైలం నీటిదీ, మన మంచిర్యాల జిల్లా జైపూర్ బొగ్గుదీ, ఎవరిదో సోలార్ పొలందీ అన్నీ ఒకే గ్రిడ్‌లో కలిసి మన సబ్‌స్టేషన్‌కు వస్తాయి. అయినా మనకు దగ్గరి పెద్ద పొయ్యి రామగుండం. ఇక్కడికి వంద కిలోమీటర్లకు అటూఇటూ. 1978లో పునాదిరాయి వేసిన ఎన్‌టీపీసీ కేంద్రం 2,600 మెగావాట్లు. పక్కనే తెలంగాణ ప్రాజెక్టు కింద 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి, మొదటిది 2023లో, రెండోది 2024లో.

బొగ్గు కేంద్రంలో ఒక్క యూనిట్ కరెంటు తయారవడానికి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. దాంతో దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, గాలిలో కలుస్తుంది. 700 గ్రాములు కాలితే కిలో ఎలా వస్తుందని మా తరగతిలో ప్రతి ఏడాదీ ఒక పిల్లవాడు అడిగేవాడు. అడగాల్సిన ప్రశ్నే. మన బొగ్గులో కర్బనం నూటికి 40 కంటే తక్కువ, అంటే 700 గ్రాముల్లో 270 గ్రాములు. అది కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. 12 గ్రాముల కర్బనం 44 గ్రాముల వాయువవుతుంది. వేసి చూడండి, కిలోకు దగ్గర వస్తుంది. మిగిలినదాంట్లో పావు కిలో దాకా బూడిద. మన ఇంట్లో ఒక ఇస్త్రీపెట్టె గంటసేపు వేడెక్కితే రామగుండం పక్క బూడిద చెరువులో దోసెడు బూడిద చేరుతుంది. ఎండాకాలం గాలి లేస్తే ఆ బూడిద మన ముంగిట్లో పడదు. ఆ చెరువు పక్క ఊళ్ళ వాళ్ళ గిన్నెల్లో, పంట ఆకుల మీద పడుతుంది.

నీటి కరెంటు, సోలార్, గాలి అన్నీ కలిపి దేశం మొత్తానికి సగటు వేస్తే యూనిట్‌కు సుమారు 0.72 కిలోల బొగ్గుపులుసు వాయువు అని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. అంటే 200 యూనిట్ల ఇంటి వాటా నెలకు 144 కిలోలు. ఇందాకటి 5 హెచ్‌పీ మోటారుది ఒక్క యాసంగికి 1,700 కిలోలకు పైనే. ఇది కేంద్రం గేటు దగ్గరి లెక్క. తీగల్లో పోయే నష్టం కలిపితే ఇంకా పెరుగుతుంది. 100 యూనిట్లు పంపితే 88 చేరాయనుకోండి, ఆ పోయిన 12కీ బొగ్గు కాలింది. పొలాల మీదుగా కిలోమీటర్ల కొద్దీ లాగిన సన్నటి తీగ, చివర గుడ్డి దీపంలా వెలిగే బల్బు, రెండూ ఒకే నష్టానికి గుర్తులు. ఆ తీగ మార్చితే రైతు మోటారు కాలదు, రామగుండంలో పొగా తగ్గుతుంది.

పొగలో ఇంకొకటి ఉంది, గంధకపు వాయువు. దానికి 2015 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ హద్దులు పెట్టింది. పొగగొట్టం దగ్గర దాన్ని కడిగే యంత్రాలు పెట్టాలంది. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి, 2025 జూలైలో దేశంలోని ఎక్కువ కేంద్రాలకు అసలు ఆ అవసరమే లేదని మినహాయించింది. పెద్ద నగరాలకు దగ్గరున్నవాటికి నిబంధన మిగిలింది. మన బొగ్గులో గంధకం తక్కువేనన్నది వాళ్ళ వాదన. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ పట్నం పక్కనుండేవాళ్ళ ఊపిరితిత్తులు ఒక రకం, పల్లె పక్కనుండేవాళ్ళవి ఇంకో రకం కాదు. ఆ కరెంటు వాడుకునేవాళ్ళుగా మనకు ఇది పట్టాలి.

[సభలోంచి ఒకరు: మనమేం చేయగలం సార్, కరెంటు ఎట్లొస్తే అట్ల వాడుకునుడే కదా?]

మంచి ప్రశ్న అన్నా. దీనికి జవాబుగా ఒక ఊరి సంగతి చెబుతాను. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం, టావోస్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కొండలు, పశువులు, దూరం దూరం ఇళ్ళు. అక్కడ కిట్ కార్సన్ అని ఒక విద్యుత్ సహకార సంఘం ఉంది. టావోస్‌తో పాటు పక్క కౌంటీల్లోనూ కలిపి సుమారు 30 వేలమంది సభ్యులు. మన సెస్ కంటే చాలా చిన్నది. అది కూడా మనలాగే తాను కరెంటు తయారు చేయదు, ట్రై స్టేట్ అనే పెద్ద సంస్థ దగ్గర టోకున కొనేది. ఆ కరెంటులో బొగ్గు వాటా పెద్దది. ఒప్పందం 2040 దాకా. సొంతంగా తయారు చేసుకోవాలంటే 5 శాతం మించకూడదని షరతు. టోకు ధర ఏటా పెరుగుతుంటే సభ్యులు అడగడం మొదలుపెట్టారు, మా నెత్తిన ఇంత ఎండ కాస్తుంటే ఈ 5 శాతం ఏమిటి అని. 2016లో ఆ సంఘం 3 కోట్ల 70 లక్షల డాలర్లు కట్టి ఒప్పందం నుంచి బయటికి వచ్చింది. ఆ సొమ్ము కొత్తగా కరెంటు ఇస్తానన్న కంపెనీ ముందుగా సర్దింది, సంఘం కొన్నేళ్ళలో తీర్చింది. ఊరి చుట్టూ చిన్న చిన్న సోలార్ కేంద్రాలు, బ్యాటరీలు పెట్టుకుంటూ వచ్చారు. 2022 వేసవి నాటికి, ఎండ బాగా ఉన్న పగలు ఆ సంఘానికి కావాల్సిన కరెంటు అంతా సోలార్ నుంచే. రాత్రికి ఇంకా బయట కొంటారు, అందులో బొగ్గూ గ్యాసూ ఉంటాయి. అదీ చెప్పాలి.

మన సంగతి అచ్చం అది కాదు. మన టోకు ధర ఈఆర్‌సీ నిర్ణయిస్తుంది, ఉచితాల భారం ప్రభుత్వంతో ముడిపడి ఉంది, డిస్కం నుంచి బయటికి రమ్మని నేను అనడం లేదు. అలా వస్తే రెండో నెలకే మునుగుతాం. కానీ వాళ్ళూ మనమూ ఒకే విత్తనం మొలకలం. వాళ్ళకు కుదిరింది సభ్యులు అడిగారు కాబట్టి. సెస్ ఎన్నికలు జరిగినప్పుడు మనం ఏం అడిగాం? ఏ పార్టీ, ఏ కులం, ఎవరు గెలుస్తారు. డైరెక్టర్‌గా నిలబడిన ఒక్కరినైనా, మన సంఘం తీగల్లో నష్టం ఎంత, ఏ ఫీడరులో, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఏ లైనులో, ఎక్కువ, అది తగ్గించడానికి ఏం చేస్తావు అని అడిగామా? నేనూ అడగలేదు. అడగాల్సింది.

ఇక్కడ చేయదగ్గ పని ఉంది. సాంచాల షెడ్ల కప్పులు చూడండి, ఊరంతా రేకులే. 10 కిలోవాట్ల సోలార్‌కు సుమారు వెయ్యి చదరపు అడుగులు కావాలి, రోజుకు 40 యూనిట్లు ఇస్తుంది. 8 సాంచాల ఆసామి పగటి షిఫ్టులో సగానికి పైగా అది తీరుస్తుంది. చాలా రేకుల షెడ్లు ఆ బరువు మోయవు, కింద ఇనుప చట్రం కట్టాలి, ఆ ఖర్చు ఆసామి ఒక్కడు పెట్టలేడు. పది షెడ్ల వాళ్ళు కలిసి సంఘం పూచీ మీద అప్పు తీసుకుంటే? సహకార సంఘం పుట్టిందే ఇలాంటి పనికి. ఇళ్ళ మీద పెట్టుకునేవాళ్ళకు 2024లో వచ్చిన కేంద్ర పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. 300 యూనిట్లు కాలే ఇంటికి అది లాభం. ఉచిత కరెంటు ఉన్న ఇంటికి ఇప్పుడు లాభం కనబడదు, అది నాకు తెలుసు. సబ్‌స్టేషన్ పక్క ఖాళీ జాగాలో చిన్న సోలార్ కేంద్రం పెట్టి, పగలు వ్యవసాయ ఫీడర్లను దానిమీద నడిపితే రైతు పగలే నీళ్ళు పెట్టుకుంటాడు. మా మేనమామ రాత్రి మూడు గంటలకు మోటరు పెట్టను పోయి పాము కరిచి చనిపోయాడు. పగటి కరెంటు అంటే నాకు మొదట గుర్తొచ్చేది పొగ కాదు, ఆయన చేతిలోని బ్యాటరీ లైటు.

వచ్చే మహాజన సభకు మీలో షేరు రసీదు ఉన్న ప్రతివాళ్ళూ రండి. తీగల్లో నష్టం ఎంతో ఫీడరు వారీగా గోడకు అంటించమని అడుగుదాం. రాయితీ సొమ్ము ఎన్ని నెలలది రావాలో అడుగుదాం. పది షెడ్లకు సోలార్ అప్పు సంగతి తీర్మానంగా రాసి ఇద్దాం. నేను ఒక కాగితం రాసి తెచ్చాను, చదివి తప్పులుంటే దిద్దండి.

సరే, 190 నుంచి 210 యూనిట్ల మధ్య బిల్లు వచ్చినవాళ్ళు ఎవరెవరున్నారు? చేతులెత్తండి. ఒకటి, రెండు... పదకొండు మంది. మీరు ఈ బల్ల దగ్గరికి రండి. ఎక్కడ ఎన్ని యూనిట్లు పోతున్నాయో ఇక్కడే లెక్క చూద్దాం. కాలిక్యులేటర్ ఆ అమ్మాయికి ఇవ్వండి.